సైబర్ దాడులు – సంస్థల సన్నద్ధత, పునరుద్ధరణ: చారిత్రక పరిశీలన (1988–2024)

వ్యాససంగ్రహం:

సైబర్ దాడిని ఎదుర్కోవడం అనగానే సాధారణంగా రక్షణ సాఫ్ట్‌వేర్లు, సంకేతపదాలు, నిపుణుల బృందాలు గుర్తుకు వస్తాయి. దాడి జరిగిన తరువాత సంస్థలు తిరిగి నిలదొక్కుకొన్న తీరుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1988లో అమెరికాలో వ్యాపించిన మోరిస్ వర్మ్ నుండి 2024లో బ్రిటిష్ లైబ్రరీ ప్రచురించిన స్వీయ సమీక్ష వరకు గల కొన్ని ముఖ్య ఘటనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆపదలో ఎవరిని సంప్రదించాలో ముందే తెలిసి ఉండడం, మూలవ్యవస్థతో సంబంధం లేని నకలు ప్రతి ఉండడం, ఆ ప్రతి నుండి పనిని తిరిగి మొదలుపెట్టే సామర్థ్యం ఉండడం అనే మూడు అంశాలపై పునరుద్ధరణ ఆధారపడిందని ఈ ఘటనలు తెలుపుతున్నాయి. ఒక సంస్థ అనుభవం మరొక సంస్థకు సన్నద్ధతగా మారాలంటే జరిగినదాన్ని దాచకుండా నమోదు చేయడం అవసరమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైబర్ దాడి, సన్నద్ధత, పునరుద్ధరణ, మోరిస్ వర్మ్, సెర్ట్, రాన్సమ్‌వేర్, మేర్‌స్క్, ఎయిమ్స్, బ్రిటిష్ లైబ్రరీ, నకలు ప్రతి.

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, నౌకాశ్రయాలు నేడు కంప్యూటర్ వ్యవస్థలు లేకుండా ఒక్క పూట కూడా నడవలేని స్థితికి చేరాయి. పుస్తకం అలమారలోనే ఉంటుంది, దాని చోటు చెప్పే సూచిక మాత్రం సర్వర్‌లో ఉంటుంది. రోగి మంచం మీదనే ఉంటాడు, అతని రక్తపరీక్ష ఫలితం మాత్రం నెట్‌వర్క్ గుండా రావాలి. కాబట్టి సైబర్ దాడి వలన కలిగే నష్టాన్ని దొంగిలించిన సమాచారంతోనో, పోయిన సొమ్ముతోనో మాత్రమే కొలవలేం. నిలిచిపోయిన పనితో కూడా కొలవాలి.

దాడులు చేసిన వ్యక్తుల గురించి, వారి సాంకేతిక చాతుర్యం గురించి రచనలు విస్తృతంగా వచ్చాయి. దాడికి గురైన సంస్థలు మరునాడు ఏం చేశాయన్న అంశానికి అంత ప్రాచుర్యం లభించలేదు. కాని సన్నద్ధతకు సంబంధించిన నేటి నియమాలు చాలావరకు ఆ మరునాటి అనుభవాల నుండే పుట్టాయి. ఆ క్రమాన్ని కాలానుసారంగా పరిశీలించడం, అందులో భారతదేశ అనుభవాన్నీ తెలుగు ప్రాంతాలతో గల సంబంధాన్నీ గుర్తించడం ఈ వ్యాసం పరిధి.

2. 1988 నవంబరు: ఎవరికి చెప్పాలో తెలియని స్థితి

1988 నవంబరు 2వ తేదీ సాయంత్రం కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ ఒక ప్రోగ్రామును అంతర్జాలంలోకి వదిలాడు. తన ఉనికి బయటపడకుండా దానిని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎం.ఐ.టి.) కంప్యూటర్ నుండి ప్రయోగించాడు. ఉత్తరాలు పంపే ప్రోగ్రాములోనూ, వాడుకరుల వివరాలు తెలిపే ప్రోగ్రాములోనూ ఉన్న లోపాలను ఆధారం చేసుకొని అది ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకింది. 432 మాటలతో కూడిన చిన్న జాబితాతో సంకేతపదాలను ఊహించడానికి కూడా ప్రయత్నించింది. చాలామంది వాడుకరులు సులభమైన మాటలనే సంకేతపదాలుగా పెట్టుకొన్నందువలన ఆ జాబితా కొన్నిచోట్ల ఫలించింది.

ఈ ప్రోగ్రాము ఫైళ్ళను చెరపలేదు. ఒక యంత్రంలో తన ప్రతి ఇప్పటికే ఉందో లేదో అది తెలుసుకొనేది. ఉన్నదని జవాబు వచ్చినా ఏడింట ఒకసారి తిరిగి ప్రవేశించేలా మోరిస్ దానిని రచించాడు. ఆ నిష్పత్తి మరీ ఎక్కువ కావడంతో ఒక్కొక్క యంత్రంలో పదుల ప్రతులు పేరుకొని యంత్రాలు స్తంభించాయి. దాదాపు 6,000 కంప్యూటర్లు దీని బారిన పడినట్లు చాలా రచనలు పేర్కొంటాయి. అప్పటి అంతర్జాలంలో సుమారు 60,000 యంత్రాలున్నాయని, వాటిలో పదోవంతు దెబ్బతిని ఉంటాయని భావించి చెప్పిన సంఖ్య అది. కాబట్టి దానిని అంచనాగానే స్వీకరించాలి.

ఆ రాత్రి జరిగిన రెండు విషయాలు పునరుద్ధరణ చరిత్రలో ముఖ్యమైనవి. మొదటిది, ప్రోగ్రామును ఎలా ఆపాలో తెలుపుతూ మోరిస్ మిత్రుడొకరు హార్వర్డ్ నుండి పేరు చెప్పకుండా ఒక సందేశం పంపాడు. దాడి వలన నెట్‌వర్క్ అప్పటికే కిక్కిరిసిపోయి, అనేక కేంద్రాలు సంబంధాలు తెంచుకోవడంతో ఆ సందేశం చేరవలసిన వారికి సమయానికి చేరలేదు. రెండవది, రక్షణ కోసం నెట్‌వర్క్ నుండి విడిపోయిన సంస్థలు బర్కిలీలోనూ, ఎం.ఐ.టి.లోనూ నిపుణులు కనుగొన్న పరిష్కారాన్ని కూడా ఆ నెట్‌వర్క్ ద్వారా పొందలేకపోయాయి. దాడి వచ్చిన దారి, సహాయం రావలసిన దారి ఒక్కటే కావడం ఆనాటి ప్రధాన సమస్య. ఒకరి టెలిఫోన్ సంఖ్య మరొకరి దగ్గర ఉన్నచోట పని ముందుకు సాగింది. లేనిచోట ప్రతి కేంద్రమూ ఇతరులు అప్పటికే పరిష్కరించిన చిక్కును తిరిగి మొదటి నుండి విప్పుకోవలసి వచ్చింది.

మోరిస్‌కు 1990లో మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించారు. న్యాయచరిత్ర దృష్టితో ఈ తీర్పు ముఖ్యమైనదే. సంస్థల చరిత్ర దృష్టితో మాత్రం, దాడి జరిగిన వారంలోపే, నవంబరు 8వ తేదీన నిపుణులు ఒకచోట సమావేశమై జరిగినదాన్ని సమీక్షించడం అంతకన్న ముఖ్యమైనది. పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ స్పాఫర్డ్ వంటివారు ఆ ప్రోగ్రాము నిర్మాణాన్ని విశ్లేషిస్తూ రాసిన పత్రాలు త్వరలోనే వెలువడ్డాయి. మోరిస్ చదివిన కార్నెల్ విశ్వవిద్యాలయం కూడా ఒక సంఘాన్ని నియమించి విచారణ జరిపి 1989లో నివేదిక ఇచ్చింది. దాడి తరువాత రాతపూర్వకమైన సమీక్ష ఉండాలన్న ఆచారానికి ఇది తొలిదశ.

3. సెర్ట్ ఆవిర్భావం – గోప్యత, ప్రకటనల మధ్య సంఘర్షణ

సమన్వయం లేదన్న లోటును పూరించడానికి అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా ఆర్థిక సహాయంతో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక బృందం ఏర్పడింది. అదే ‘కంప్యూటర్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్’. సంక్షిప్తంగా సెర్ట్. ఇది 1988 ముగిసేలోపే పని ప్రారంభించింది. రాత్రింబవళ్ళు పలికే టెలిఫోన్, సమాచారాన్ని పంచే జాబితా, లోపాలను గురించిన హెచ్చరిక ప్రకటనలు దీని తొలి సాధనాలు. నేరస్థుణ్ణి పట్టుకోవడం ఈ బృందం బాధ్యత కాదు. దెబ్బతిన్న సంస్థకు సహాయం చేయడం, ఇతర సంస్థలను హెచ్చరించడం దీని కర్తవ్యం. సైబర్ భద్రతలో అగ్నిమాపకదళం వంటి ఈ పాత్ర పోలీసు పాత్ర నుండి విడివడి రూపుదిద్దుకొన్నది ఇక్కడే.

ఒక్క బృందం చాలదని మరుసటి సంవత్సరమే తేలింది. 1989 అక్టోబరులో నాసా, అమెరికా ఇంధనశాఖ నెట్‌వర్కులలో అణ్వస్త్ర వ్యతిరేక సందేశాన్ని చూపే ‘వాంక్’ అనే వర్మ్ వ్యాపించింది. వేరు వేరు దేశాలలో, వేరు వేరు కాలమానాలలో ఉన్న బృందాలు ఒకదానితో మరొకటి మాట్లాడుకోవడంలోని ఇబ్బందులు ఈ సందర్భంలో బయటపడ్డాయి. దాని ఫలితంగా 1990లో ‘ఫస్ట్’ అనే అంతర్జాతీయ వేదిక ఏర్పడింది. వివిధ దేశాల అత్యవసర స్పందన బృందాలు నేటికీ ఈ వేదిక ద్వారా సమాచారాన్ని పంచుకొంటున్నాయి.

ఈ దశలోనే ఒక మౌలికమైన వివాదం తలెత్తింది. తమ పేరు బయటికి రాదన్న నమ్మకం ఉంటేనే బాధిత సంస్థలు సెర్ట్‌కు నిజం చెబుతాయి. లోపం వివరాలు బయటపడితే దాడిదారులకు అవి ఉపయోగపడతాయి. అందువలన సెర్ట్ గోప్యతను పాటించింది. కాని గోప్యత వలన సాఫ్ట్‌వేర్ తయారీదారులు లోపాలను సరిదిద్దకుండా కాలయాపన చేస్తున్నారని, ఆలోగా సంస్థలు తమకు తెలియని ప్రమాదంలో ఉంటున్నాయని విమర్శ వచ్చింది. లోపాలను బహిరంగంగా చర్చించే ‘బగ్‌ట్రాక్’ అనే లేఖావళి 1993లో ఈ అసంతృప్తి నుండే పుట్టింది. 2000 సంవత్సరంలో సెర్ట్, లోపం తన దృష్టికి వచ్చిన 45 రోజుల తరువాత దానిని ప్రకటించే విధానాన్ని చేపట్టింది. ఎంత దాచాలి, ఎంత చెప్పాలి అన్న ఈ ప్రశ్న తరువాతి చరిత్ర అంతటా కొనసాగింది.

2004లో అమెరికా ప్రమాణాల సంస్థ (నిస్ట్) వెలువరించిన మార్గదర్శక గ్రంథం సంస్థలు చేయవలసిన పనిని నాలుగు దశలుగా విభజించింది. సన్నద్ధత మొదటిది. దాడిని గుర్తించి విశ్లేషించడం రెండవది. దాడిని అరికట్టి, నిర్మూలించి, వ్యవస్థను పునరుద్ధరించడం మూడవది. అనంతర సమీక్ష నాలుగవది. నాలుగవ దశలో నేర్చుకొన్నది తిరిగి మొదటి దశకు చేరాలన్నది ఈ విభజనలోని కీలకం. 1988 నవంబరులో అప్పటికప్పుడు జరిగిన సమీక్షా సమావేశం పదహారేళ్ళలో ఒక నియమంగా స్థిరపడిందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

4. సమాచారాన్ని బందీ చేసే దాడులు

తొలి దశలోని వర్మ్‌లు యంత్రాలను స్తంభింపజేశాయి. సమాచారాన్ని బందీ చేసి సొమ్ము కోరే పద్ధతి 1989 డిసెంబరులో మొదటిసారిగా కనిపించింది. ఎయిడ్స్ వ్యాధిని గురించిన సమాచారం పేరుతో సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు తపాలా ద్వారా పలు దేశాలకు చేరాయి. వాటిని వాడిన కంప్యూటర్లలో కొంతకాలం తరువాత ఫైళ్ళ పేర్లు గూఢలిపిలోకి మారిపోయి, 189 డాలర్లను పనామాలోని ఒక తపాలా పెట్టెకు పంపమని సందేశం కనిపించేది. ఆ గూఢలిపి బలహీనమైనది కావడంతో నిపుణులు దానిని విప్పగలిగారు. సొమ్ము వసూలుచేసే మార్గం కూడా తేలికగా దొరికిపోయేదే. తరువాతి కాలంలో ఈ రెండు బలహీనతలూ తొలగిపోయాయి. బహిరంగ తాళపుచెవి గూఢలిపి పద్ధతిని ఇందుకు వాడితే బాధితుడు తనంతట తాను ఫైళ్ళను విప్పుకోలేడని ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ 1996లోనే సిద్ధాంతపరంగా చూపారు. బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేల రాకతో డబ్బు వసూలు కూడా సులభమైంది. దీనితో రాన్సమ్‌వేర్ ఒక వ్యాపారంగా మారింది.

2017 మే 12న వ్యాపించిన ‘వానాక్రై’ దీనికి పరాకాష్ఠ. అది ఆధారం చేసుకొన్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14వ తేదీనే సవరణ విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. అయినా ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్యసేవకు చెందిన ట్రస్టులలో మూడింట ఒక వంతుకు పైగా దీని ప్రభావానికి లోనయ్యాయి. శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి, అంబులెన్సులను ఇతర ఆసుపత్రులకు మళ్ళించవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడినట్లు అప్పటి పత్రికలు తెలిపాయి. హెచ్చరిక అందడానికి, దానిని ఆచరణలో పెట్టడానికి మధ్య గల దూరమే ఇక్కడ నష్టానికి కారణం. సెర్ట్ వంటి వ్యవస్థలు హెచ్చరించగలవు. ప్రతి యంత్రాన్నీ సరిచేయవలసిన బాధ్యత మాత్రం ఆయా సంస్థలదే.

5. 2017 జూన్: మేర్‌స్క్ – ఒకేలా ఉన్న ప్రతులన్నీ ఒకేసారి పోయిన సందర్భం

వానాక్రై జరిగిన ఆరు వారాలకు, 2017 జూన్ 27న ‘నాట్‌పెట్యా’ వచ్చింది. ఉక్రెయిన్‌లో వ్యాపారసంస్థలు పన్ను లెక్కల కోసం వాడే ఒక సాఫ్ట్‌వేర్ నవీకరణల ద్వారా ఇది ప్రవేశించింది. సొమ్ము అడుగుతున్నట్లు కనిపించినా, చెల్లించినవారికి కూడా ఫైళ్ళు తిరిగి దక్కే అవకాశం లేదు. ధ్వంసమే దాని స్వభావం. రష్యా సైన్యమే దీనికి బాధ్యురాలని 2018 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు ప్రకటించాయి.

డెన్మార్కుకు చెందిన నౌకారవాణా సంస్థ మేర్‌స్క్ ఈ దాడిలో తీవ్రంగా దెబ్బతిన్నది. నౌకలు సముద్రంలో సాగుతూనే ఉన్నాయి. కాని రేవులలో ఏ పెట్టెలో ఏముందో, అది ఎవరిదో తెలిపే వ్యవస్థ పోయింది. ముంబయి సమీపంలోని జవాహర్‌లాల్ నెహ్రూ నౌకాశ్రయంలో ఆ సంస్థ నిర్వహించే టెర్మినల్ కూడా నిలిచిపోయింది. 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను, 2,500 అప్లికేషన్లను పది రోజులలో తిరిగి ఏర్పాటు చేసుకొన్నామని, ఆ పది రోజులూ సిబ్బంది చేతితో పనిచేసి సరకు రవాణాలో తగ్గుదలను 20 శాతానికి పరిమితం చేశారని ఆ సంస్థ అధ్యక్షుడు జిమ్ హేగ్‌మన్ స్నాబే 2018 జనవరిలో దావోస్‌లో వెల్లడించారు. నష్టం 20 నుండి 30 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని సంస్థ అంచనా వేసింది.

ఈ పునరుద్ధరణ ఎలా సాధ్యమైందో పాత్రికేయుడు ఆండీ గ్రీన్‌బర్గ్ 2018లో ప్రచురించిన కథనం తెలుపుతుంది. సంస్థ నెట్‌వర్క్‌లో ఎవరికి ఏ అధికారం ఉందో నమోదు చేసే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ప్రపంచవ్యాప్తంగా 150 వరకు ఉండేవి. ఒకదానిలోని సమాచారాన్ని మరొకటి ఎప్పటికప్పుడు గ్రహించేలా అమర్చినందువలన, ఒకటి పోయినా మిగతావి ఆదుకొంటాయని నిర్వాహకులు భావించారు. అన్నీ ఒకేసారి పోతాయని ఊహించలేదు. ఘానాలోని ఒక్క సర్వర్ మాత్రం మిగిలింది. దాడి సమయంలో అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్ నుండి తెగిపోవడమే కారణం. ఆ సమాచారాన్ని ఇంగ్లండులోని పునరుద్ధరణ కేంద్రానికి పంపడానికి అక్కడి నెట్‌వర్క్ వేగం చాలలేదు. ఘానా సిబ్బందిలో ఎవరికీ బ్రిటిష్ వీసా లేదు. చివరకు ఒక ఉద్యోగి నైజీరియా వరకు వెళ్ళి, విమానాశ్రయంలో మరొక ఉద్యోగికి ఆ హార్డ్‌డిస్కును అందించగా అది లండన్‌కు చేరింది.

ఈ ఘటనను అదృష్టకథగా చెప్పుకోవడం పరిపాటి. కాని ఇందులో పరిశోధకులు గమనించవలసిన అంశం వేరు. ఎప్పటికప్పుడు ఒకేలా మారుతూ ఉండే 150 ప్రతులు ప్రమాదం దృష్టితో చూస్తే ఒక్క ప్రతితో సమానం. మూలంలోకి వచ్చిన చెరుపు వాటన్నిటిలోకీ వస్తుంది. మూలంతో సంబంధం తెగి, వేరొకచోట నిలిచి ఉన్నదే అసలైన నకలు. ఘానాలో కరెంటు కోత యాదృచ్ఛికంగా చేసిన పనిని సంస్థలు ఉద్దేశపూర్వకంగా చేయాలన్నది ఆ తరువాత సన్నద్ధతలో బలపడిన సూత్రం.

6. భారతదేశ అనుభవం

భారతదేశంలో జాతీయ స్థాయి స్పందన బృందం ‘సెర్ట్-ఇన్’ 2004 జనవరి నుండి పనిచేస్తున్నది. సమాచార సాంకేతిక చట్టం–2000కు 2008లో చేసిన సవరణ ద్వారా చేరిన 70బి సెక్షన్ దీనికి చట్టబద్ధమైన హోదా కల్పించింది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటలలోపు సంస్థలు తెలియజేయాలి. వ్యవస్థలలో జరిగిన కార్యకలాపాల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. అన్ని యంత్రాల గడియారాలూ ఒకే ప్రామాణిక సమయాన్ని చూపాలి. చివరి నియమం చిన్నదిగా కనిపించినా, దాడి క్రమాన్ని పునర్నిర్మించడానికి అదే ఆధారం. కాలనిర్ణయం కుదరని శాసనంతో చరిత్రకారునికి ఎదురయ్యే చిక్కు వంటిదే గడియారాలు కుదరని చిట్టాలతో పరిశోధకునికి ఎదురవుతుంది.

బ్యాంకింగ్ రంగంలో ఈ కృషికి హైదరాబాద్ ఒక ముఖ్యకేంద్రం. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ బ్యాంకుల మధ్య ముప్పుల సమాచారాన్ని పంచే కేంద్రాన్ని 2014లో ఏర్పాటు చేసింది. బ్యాంకుల సిబ్బందికి కల్పిత దాడులతో అభ్యాసాలు కూడా నిర్వహిస్తున్నది. అదే నగరంలో 2022 జనవరిలో మహేశ్ సహకార బ్యాంకు వ్యవస్థలోకి దుండగులు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా మళ్ళించారు. బ్యాంకు భద్రతా ఏర్పాట్లలో లోపాలున్నాయని పోలీసు దర్యాప్తు పేర్కొన్నది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. సమాచారాన్ని పంచే కేంద్రం ఎంత సమీపంలో ఉన్నా, దాని ఫలితం చిన్న సంస్థల దైనందిన ఆచరణలోకి దిగకపోతే ప్రయోజనం ఉండదని ఈ ఉదంతం తెలుపుతుంది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) సర్వర్లపై దాడి జరిగింది. అయిదు సర్వర్లు ప్రభావితమయ్యాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం గూఢలిపిలోకి మారిపోయిందని, నెట్‌వర్క్‌ను సక్రమంగా విభాగాలు చేయకపోవడం చొరబాటుకు వీలు కల్పించిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాదాపు రెండు వారాలపాటు రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు, బిల్లులు చేతిరాతతో నడిచాయి. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ నుండి ఆసుపత్రి సమాచారాన్ని తిరిగి పొందగలగడంతో సేవలు క్రమంగా కోలుకొన్నాయి. మేర్‌స్క్‌కు ఘానా సర్వర్ ఎలాగో ఎయిమ్స్‌కు ఈ బ్యాకప్ అలాగే ఉపకరించింది. అయితే ప్రజలకు తెలిసిన వివరాలు ప్రధానంగా పార్లమెంటులో ఇచ్చిన సంక్షిప్త సమాధానాల నుండి వచ్చినవే. ఆ రెండు వారాలలో ఏ విభాగం ఏ క్రమంలో కోలుకొన్నది, చేతిరాత పద్ధతిలో ఎక్కడ చిక్కులు వచ్చాయి అన్నవి మరొక ఆసుపత్రికి పాఠాలు కావలసిన విషయాలు.

7. బ్రిటిష్ లైబ్రరీ: దాడి, స్వీయ సమీక్ష

2023 అక్టోబరు 28న లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీపై ‘రైసీడా’ అనే ముఠా దాడి చేసింది. తెలుగు పరిశోధకులకు ఈ గ్రంథాలయం పరాయిది కాదు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో కాలిన్ మెకంజీ సేకరించిన సామగ్రిలో కొంతభాగం, ఇండియా ఆఫీసు గ్రంథాలయంలోని తెలుగు ముద్రిత గ్రంథాలు అక్కడే ఉన్నాయి.

దాడిదారులు సుమారు 600 గిగాబైట్ల సమాచారాన్ని తీసుకొనిపోయారు. మిగిలినదానిని గూఢలిపిలోకి మార్చారు. తిరిగి కోలుకోకుండా చేయడానికి కొన్ని సర్వర్లను ధ్వంసం చేశారు. దొంగిలించిన సమాచారాన్ని 20 బిట్‌కాయిన్ల ప్రారంభ ధరతో వేలానికి పెట్టారు. గ్రంథాలయం సొమ్ము చెల్లించలేదు. నవంబరులో సిబ్బంది, పాఠకుల వ్యక్తిగత వివరాలు సహా ఆ సమాచారం బయటపడింది.

పుస్తకాలు చెక్కుచెదరలేదు. కాని సూచిక లేనందువలన ఏది ఎక్కడ ఉందో తెలుసుకోవడం కష్టమైంది. యార్క్‌షైర్‌లోని బోస్టన్ స్పా వద్ద యంత్రాల ద్వారా నడిచే గిడ్డంగిలోని గ్రంథాలను బయటికి తీయడం వీలుకాలేదు. ప్రధాన సూచిక అంతర్జాలంలో తిరిగి కనిపించింది 2024 జనవరి 15న. బ్రిటన్‌లోని పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల వివరాలు అందించే ‘ఈథోస్’ సేవ అప్పటికీ తిరిగి రాలేదు. ఈలోగా పాఠకులు, సిబ్బంది పాత ముద్రిత సూచికలను, కాగితపు చీటీలను ఆశ్రయించారు. కాలం చెల్లినవిగా భావించిన ముద్రిత సూచికలే ఆ సమయంలో నెట్‌వర్క్‌తో సంబంధం లేని నకలు ప్రతులయ్యాయి.

2024 మార్చి 8న ఈ గ్రంథాలయం తన అనుభవాన్ని సమీక్షిస్తూ ఒక పత్రాన్ని బహిరంగంగా ప్రచురించింది. అందులోని అంగీకారాలు అరుదైనవి. బయటి భాగస్వాములు దూరం నుండి లోపలికి రావడానికి 2020 ఫిబ్రవరిలో ఏర్పాటు చేసిన సర్వర్ ద్వారా చొరబాటు జరిగి ఉండవచ్చని, రెండంచెల ధ్రువీకరణను ఆ మార్గానికి వర్తింపజేయలేదని పత్రం పేర్కొన్నది. దాడికి కొన్ని రోజుల ముందే అనుమానాస్పద చర్య కనిపించి, పరిశీలించినా దాని తీవ్రత అప్పుడు తెలియలేదని ఒప్పుకొన్నది.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. డిజిటల్ సేకరణల సురక్షిత ప్రతులు గ్రంథాలయం దగ్గర ఉన్నాయి. కాని వాటిని నిలిపి నడపడానికి తగిన వ్యవస్థ మిగలలేదు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి తయారీదారుల మద్దతు ఏనాడో ఆగిపోయింది. మరికొన్ని కొత్త భద్రతా ఏర్పాట్లలో పనిచేయవు. అందువలన ప్రతి ఉన్నా పునరుద్ధరణ నెలల తరబడి సాగింది. మేర్‌స్క్ ఉదంతం నకలు ప్రతి అవసరాన్ని నిరూపిస్తే, బ్రిటిష్ లైబ్రరీ ఉదంతం నకలు ప్రతి ఒక్కటే చాలదని నిరూపించింది.

8. విశ్లేషణ

ఈ పాఠం తెలుగు సాహిత్యచరిత్రకు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ తాళపత్రాలను సేకరించి ఊరుకోలేదు. కడపలో పండితులను నియమించి ప్రతులను పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రల కాగితాలు శిథిలమవుతుంటే వాటికి తిరిగి నకళ్ళు తీయించాడు. ఆ సేకరణలు లండన్, మద్రాసు నగరాలలో వేర్వేరుగా నిలిచాయి. ప్రతి ఉండడం వేరు, దానిని చదివి తిరిగి రాయగలవారు ఉండడం వేరు అన్న ఎరుక ఆ కృషిలో కనిపిస్తుంది. లిపి తెలిసినవాడు లేని తాళపత్రం, నడిపే వ్యవస్థ లేని బ్యాకప్ ఒకే స్థితిలో ఉంటాయి.

పై ఘటనలను పోల్చినప్పుడు సన్నద్ధత భావనలో మూడు మార్పులు స్పష్టమవుతాయి. 1988 తరువాత సంస్థలు ‘ఎవరికి చెప్పాలి’ అన్న ప్రశ్నకు జవాబు ఏర్పరచుకొన్నాయి. 2017 తరువాత ‘ఏది మిగులుతుంది’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 2023 తరువాత ‘మిగిలినదానితో ఎంత త్వరగా పని మొదలుపెట్టగలం’ అన్నది ప్రధానమైంది. మొదటి ప్రశ్నకు చట్టం జవాబు చెప్పగలదు. రెండవదానికి డబ్బు, మూడవదానికి అభ్యాసం కావాలి. ప్రతి ఏడాదీ బ్యాకప్ తీసే సంస్థ, దాని నుండి వ్యవస్థను ఒక్కసారైనా తిరిగి నిర్మించి చూడకపోతే, ఆ బ్యాకప్ పనిచేస్తుందో లేదో దాడి జరిగిన రోజునే తెలుసుకొంటుంది.

నివేదికల విషయంలోనూ ఒక భేదాన్ని గుర్తించాలి. 6 గంటలలోపు ప్రభుత్వ సంస్థకు తెలపడం తక్షణ సహాయానికి, ఇతరుల హెచ్చరికకు ఉపకరిస్తుంది. జరిగినదాన్ని నెలల తరువాత వివరంగా, బహిరంగంగా రాయడం జ్ఞానంగా నిలుస్తుంది. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు. ప్రతిష్ఠ దెబ్బతింటుందన్న భయం, న్యాయపరమైన చిక్కులు, దాడిదారులకు వివరాలు అందుతాయన్న సంశయం సంస్థలను మౌనంగా ఉంచుతున్నాయి. ఈ భయాలు నిరాధారమైనవి కావు. కాని బ్రిటిష్ లైబ్రరీ నివేదిక ప్రమాదకరమైన సాంకేతిక వివరాలను వదలి, నిర్ణయాలలోని లోపాలను మాత్రం దాచకుండా చెప్పవచ్చని చూపింది.

9. ముగింపు

1. సంస్థల సైబర్ సన్నద్ధత 1988 నాటి సమన్వయలోపం నుండి నేర్చుకొన్న పాఠంగా మొదలై, ప్రతి పెద్ద దాడితో ఒక్కొక్క కొత్త అంశాన్ని చేర్చుకొంటూ వచ్చింది.

2. దాడి వచ్చే మార్గం మీదనే ఆధారపడని సంప్రదింపుల ఏర్పాటు, అంటే కాగితం మీద రాసుకొన్న టెలిఫోన్ సంఖ్యలు, బాధ్యుల పేర్లు నేటికీ అవసరమే.

3. మూలవ్యవస్థతో ఎప్పటికప్పుడు కలిసి మారే ప్రతులు ఎన్ని ఉన్నా ఒక్కటిగానే లెక్కించాలి. విడిగా ఉన్న ప్రతి మాత్రమే రక్షణ అని మేర్‌స్క్, ఎయిమ్స్ ఉదంతాలు తెలుపుతున్నాయి.

4. పాత వ్యవస్థలను మార్చకుండా వాటి సమాచారానికి మాత్రం నకలు తీసి ఉంచడం వలన పునరుద్ధరణ సులభం కాదని బ్రిటిష్ లైబ్రరీ అనుభవం నిరూపించింది.

5. కంప్యూటర్లు లేని వారం రోజులను చేతిపనితో నడపగల పద్ధతిని ఆసుపత్రులు, గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు ముందే రాసుకొని అభ్యాసం చేయాలి.

6. తాళపత్రాలు, పాత పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు డిజిటల్ రూపంలోకి వస్తున్న ఈ కాలంలో, తెలుగు విద్యాసంస్థలు స్కాన్ చేసిన ప్రతులతోపాటు వాటి సూచికలను కూడా నెట్‌వర్క్‌కు వెలుపల మరొకచోట భద్రపరచాలి. సూచిక పోతే సేకరణ ఉన్నా అందదు.

7. దాడికి గురైన భారతీయ సంస్థలు తమ పునరుద్ధరణ క్రమాన్ని వివరమైన బహిరంగ పత్రాలుగా వెలువరించినప్పుడే ఈ చరిత్రలో మన అనుభవం కూడా ఆధారగ్రంథంగా చేరుతుంది, తరువాతి సంస్థ అంతా మొదటి నుండి నేర్చుకోవలసిన అవసరం తప్పుతుంది.